వదలడానికి ఒక తిథి

కర్ణాటక ప్రభుత్వం ప్రకటించే సెలవుల జాబితాలో మహాలయ అమావాస్య ఒకటి. భాద్రపద మాసానికి చివరి రోజు అది. దసరాకు, దీపావళికి సెలవు ఎందుకో ఎవరికైనా తెలుసు. పోయిన తాతముత్తాతల కోసం ఒక రాష్ట్రం రాష్ట్రమంతా ఒక రోజు పక్కన పెట్టడం మాత్రం, నేను బెంగళూరు వచ్చాక చూసిన గొప్ప సంగతుల్లో ఒకటి. దేశం కాని దేశంలో పుట్టి పెరుగుతున్న మీతో ఈ సంచికలో ఏం మాట్లాడాలా అని ఆలోచిస్తే మొదట ఆ రోజే గుర్తొచ్చింది.

భాద్రపద పున్నమి మరునాడు మొదలై అమావాస్యతో ముగిసే పదిహేను రోజులూ పెద్దలవి. ఎవరు ఏ తిథినాడు పోయారో ఆ తిథినాడు వాళ్ళకు పెడతారు. ముత్తయిదువగా పోయిన తల్లికి నవమి. దాన్ని అవిధవా నవమి అంటారు. ప్రమాదాల్లోనో ఆయుధం దెబ్బకో పోయినవాళ్ళకు చతుర్దశి. తిథి తెలియనివాళ్ళకు, మనం మరిచిపోయినవాళ్ళకు, అందరికీ కలిపి అమావాస్య. ఆ రోజు బెంగళూరు నుంచి చాలా కుటుంబాలు తెల్లవారుజామునే మైసూరు దారి పట్టి శ్రీరంగపట్నం వెళతాయి. అక్కడ కావేరి పడమటి వైపుకు తిరిగి పారే చోటును పశ్చిమవాహిని అంటారు. నదిలో దిగి నువ్వులు, నీళ్ళు, దర్భలతో తర్పణాలు వదులుతారు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళు గుడి ఆవరణలోనో ఇంటి పెరట్లోనో ఇత్తడి పళ్ళెంలో వదులుతారు.

తర్పణాలు అందరి ఆచారం కాదు. పాత మైసూరు ప్రాంతపు ఇళ్ళలో ఎడె పెడతారు. పోయినవాళ్ళ ఫొటో ముందు అరిటాకు వేసి, వాళ్ళు ఇష్టంగా తిన్నవన్నీ వండి వడ్డిస్తారు. మాంసం తిన్నవాళ్ళయితే మాంసమూ ఉంటుంది. పక్కన కొత్త బట్టలు పెడతారు. కాసేపు తలుపు మూసి, వాళ్ళను నింపాదిగా తిననిచ్చి, తర్వాత ఇంటిల్లిపాదీ అదే వంట తింటారు. తెలంగాణలో ఈ అమావాస్యను పెత్రమాస అంటారు. పెద్దల పేరు చెప్పి బియ్యం, పప్పు, కూరగాయలు స్వయంపాకంగా ఇస్తారు. మూడు పద్ధతులూ బెంగళూరులో ఒకే వీధిలో, ఒకే పూట కనిపిస్తాయి.

తర్పణంలో ఒక చిన్న ఘట్టం ఉంది, దాన్ని మీరు తప్పక తెలుసుకోవాలి. తండ్రి, తాత, ముత్తాత, తల్లి, నాయనమ్మ, ఆ పైన ఆమె అత్తగారు, తర్వాత అమ్మమ్మ వైపువాళ్ళు, పెదనాన్నలు, మేనత్తలు, అత్తమామలు, గురువు, స్నేహితుడు, ఇలా పేరుపేరునా నీళ్ళు వదిలాక, ఆఖరున తడిసిన బట్ట కొసను పిండి ఆ నీళ్ళు కూడా వదులుతారు. దానికి నిష్పీడనోదకం అని పేరు. ఆ నీళ్ళు మన వంశంలో పుట్టి, పిల్లలు లేకుండా పోయినవాళ్ళవి. పేరు పెట్టి పిలిచే కొడుకో కూతురో లేనివాళ్ళకు కూడా ఒక వాటా ఉండాలని ఎవరో, ఎప్పుడో ఆలోచించారు. ఆ ఆలోచన చేసినవాళ్ళ మనసు ఎంత పెద్దదో అని ప్రతిసారీ అనుకుంటాను.

అమ్మానాన్నలు చల్లగా ఉన్న మీకు తర్పణం వదిలే పని లేదు, అలా వదలకూడదు కూడా. కానీ ఆ క్రతువులో సగం పని పేర్లు గుర్తుంచుకోవడమే. దానికి వయసూ అడ్డం కాదు, ఆడా మగా తేడా కూడా లేదు. మీ ముత్తాత పేరేమిటి? ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరు? ఆమెకు పుట్టి, పసితనంలోనే పోయిన బిడ్డలు ఎవరైనా ఉన్నారా? ఈ పదిహేను రోజుల్లో ఒక రోజు ఇండియాకు ఫోన్ చేసి ఇవి అడిగి, ఒక కాగితం మీద తెలుగులో రాసుకోండి. అవతలివాళ్ళు ఎంతసేపు మాట్లాడతారో చూడండి.

అదే అమావాస్య సాయంత్రం ఇంకో పండుగ మొదలవుతుంది. ఎంగిలిపూల బతుకమ్మ. పొద్దున పెద్దలకు బియ్యం ఇచ్చిన చేతులే సాయంత్రం తంగేడు, గునుగు, బంతి, చామంతి పూలను వరసలు వరసలుగా పేరుస్తాయి. తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మతో ముగుస్తుంది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన 2014లోనే బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించారు. బెంగళూరులో తెలంగాణవాళ్ళు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు నడిమి ఖాళీ జాగాలో బతుకమ్మలు పెట్టి ఆడుతున్నారు. తంగేడు పువ్వు ఇక్కడి మార్కెట్లో దొరకడం కష్టం, అందుకని బంతిపూలదే పెద్దరికం. ఆట అయ్యాక బతుకమ్మను నీళ్ళలో వదిలి, మళ్ళీ ఏడాది రమ్మని సాగనంపుతారు. ఒకే రోజు పొద్దున పోయినవాళ్ళకు నీళ్ళు, సాయంత్రం బతుకు పేరు పెట్టుకున్న పూల తల్లికి పాట. ఈ రెంటినీ ఒకే తిథికి కట్టినవాళ్ళు దుఃఖాన్ని బాగా ఎరిగినవాళ్ళని నా నమ్మకం.

మీ బడిలో యూదుల పిల్లలుంటే వాళ్ళను అడగండి. వాళ్ళ కొత్త సంవత్సరం రోష్ హషానా కూడా అమావాస్య దాటగానే వస్తుంది. 2024లో మహాలయ అమావాస్య అక్టోబరు 2. ఆ సాయంత్రమే వాళ్ళ పండుగ మొదలైంది. 2025లో సెప్టెంబరు 21న మన అమావాస్య అయితే, మరునాటి సాయంత్రం వాళ్ళది. ఆ పండుగలో తష్లీఖ్ అనే ఆచారం ఉంది. పారే నీళ్ళ దగ్గరికి వెళ్ళి, గడిచిన ఏడాది తప్పులను నీళ్ళకు వదులుతున్నట్టు ప్రార్థన చేస్తారు. కొందరు రొట్టె ముక్కలు విసురుతారు, కొందరు జేబులు దులుపుతారు. అలాంటి ఏళ్ళలో ఒకే అమావాస్యకు అటూ ఇటూగా రెండు జాతులవాళ్ళు నీళ్ళ ఒడ్డున నిలబడి ఉంటారన్నమాట.

ఇంకొకటి మీరు ఫోన్లలో చూస్తూనే ఉంటారు. పున్నమి రాత్రి మనసులోని బరువులను కాగితం మీద రాసి, కాల్చి, వదిలేశాననుకోవడం. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. మనసులో ఉన్నదాన్ని అక్షరాల్లో పెట్టడం మంచి పని. అయితే మన తిథుల్లో ఉన్న ఒక మెట్టు అందులో కనిపించదు. మనం దేన్నైనా సాగనంపే ముందు దాన్ని పిలిచి, కూర్చోబెట్టి, వండి పెడతాం. పెద్దలకైనా అంతే, వినాయకుడికైనా అంతే, బతుకమ్మకైనా అంతే. విసిరికొట్టడం, తెంచేసుకోవడం ఈ ఆచారాల్లో లేదు. పోయిన మనిషి మీద కోపమున్నా అరిటాకు వేయవలసిందే. వడ్డిస్తున్నంత సేపూ ఆ మనిషి గురించే ఆలోచిస్తాం కదా, లోపల జరగవలసిన పని అప్పుడే జరుగుతుంది. నీళ్ళలో వదలడం ఆ తర్వాతి మాట.

ఇక లెక్క సంగతి. పండుగ అమెరికాలో ఒక రోజు ముందెందుకు వస్తుందని మీలో చాలామంది అడుగుతుంటారు. ఆకాశంలో చంద్రుడు సూర్యుడి నుంచి 12 డిగ్రీలు జరిగితే ఒక తిథి. అలాంటివి 30 అయితే ఒక చాంద్రమాసం, సగటున 29.53 రోజులు. చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగంగా, దూరమైనప్పుడు నెమ్మదిగా నడుస్తాడు. అందుకే తిథి ఒక్కోసారి 19 గంటలే ఉంటుంది, ఒక్కోసారి 26 గంటలకు పైగా సాగుతుంది. చాలా పండుగలకు సూర్యోదయ వేళకు ఉన్న తిథే లెక్క. కార్తీకంలో అమావాస్య బెంగళూరులో సాయంత్రం ఆరింటికి ముగిసిందనుకోండి. అప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే తేదీ తెల్లవారుజాము నాలుగున్నర. అక్కడ సూర్యుడు ఉదయించేసరికి పాడ్యమి వచ్చేసి ఉంటుంది. బెంగళూరులో పాడ్యమి సూర్యోదయం మరునాడు. అంటే క్యాలెండరులో మీ పండుగే ముందు. హైదరాబాదులో అచ్చయిన క్యాలెండరు పట్టుకుని తేదీ చూసుకోకూడదనేది ఇందుకే. మీ ఊరికి గుణించిన పంచాంగం చూడాలి.

పన్నెండు చాంద్రమాసాలు కలిపితే సుమారు 354 రోజులు. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ తరుగు పూడ్చడానికి రెండున్నర మూడేళ్ళకొకసారి అధికమాసం. 2023లో అధిక శ్రావణం వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం. తెలుగువాళ్ళకూ కన్నడిగులకూ నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదిన పున్నమితో ముగుస్తుంది. బెంగళూరులో తెలుగువాడికి పంచాంగం విషయంలో పరాయితనం లేకపోవడానికి కారణం అదే. పక్కింటి కన్నడిగుడి ఉగాదే మన ఉగాది.

ఈ ఊళ్ళో చంద్రుడి కోసం నెలనెలా ఎదురుచూసేవాళ్ళు కూడా ఎక్కువే. బహుళ చవితిని సంకష్టి అంటారు, మన సంకటహర చతుర్థి. పగలంతా ఉపవాసముండి, రాత్రి చంద్రుణ్ణి చూశాకే భోజనం. చంద్రోదయం రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది కనుక, పున్నమి దాటిన నాలుగో రోజుకు అది రాత్రి తొమ్మిది ప్రాంతానికి వస్తుంది. మేడల మీద జనం మబ్బుల వంక చూస్తూ నిలబడతారు.

చవితి అన్నాం గనుక వినాయకుడి దగ్గరికి వద్దాం. ఇక్కడ భాద్రపద శుద్ధ తదియ నాడు గౌరమ్మ వస్తుంది, మరునాడు కొడుకు. చెరువు అడుగున పేరుకున్న ఒండ్రు మట్టిని తెచ్చి బొమ్మ చేసి, పత్రితో పూజించి, మళ్ళీ అదే చెరువులో కలపడం పాత పద్ధతి. చెరువుది చెరువుకే చేరేది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వచ్చాక ఆ చక్రం తెగింది. జిప్సంను కాల్చి చేసే ఆ పొడికి నీళ్ళు తగిలితే గట్టిపడే గుణముంది. మట్టిలా కరగదు. పైన వేసే రంగుల్లో సీసం లాంటి లోహాలుంటే అవి చేపల్లోకి చేరతాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఈ విగ్రహాలను వద్దంది. బెంగళూరులో హలసూరు, యడియూరు, స్యాంకీ చెరువుల పక్కన నిమజ్జనానికి విడిగా కొలనులు కట్టారు. ఇక్కడ వాటిని కల్యాణి అంటారు. వీధుల్లోకి నీళ్ళ ట్యాంకర్లు కూడా వస్తాయి. కొంతమందికి ఇది పండుగ తక్కువైనట్టు అనిపిస్తుంది. నాకలా అనిపించదు. మనం వదిలిన దాన్ని పుచ్చుకునేవాళ్ళు ఒకరుంటారు, ఆ చెరువు బాగుండాలని చూడటం కూడా పూజలో భాగమే.

చెరువే లేకుండా పోతే ఏమవుతుందో కూడా ఈ ఊరు చూసింది. మెజెస్టిక్ బస్టాండు ఉన్న చోట ఒకప్పుడు ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్న చోట సంపంగి చెరువు. ఈ సంపంగి చెరువుతో ముడిపడ్డదే ద్రౌపదిని కొలిచే బెంగళూరు కరగ ఉత్సవం. చైత్ర పున్నమి రాత్రి నగరత్‌పేట ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరుతుంది. చిత్తూరు జిల్లావాళ్ళకు ద్రౌపదమ్మ గుళ్ళు, భారతం తిరునాళ్ళు తెలిసినవే కనుక ఇది కొత్తగా అనిపించదు. తరతరాలుగా తోటలు పెంచిన తిగళ కులంవాళ్ళు దీన్ని నడుపుతారు. పూజారి చీర కట్టి, గాజులు తొడిగి, మల్లెపూలతో కప్పిన కరగ కుండను చేత్తో పట్టుకోకుండా తల మీద నిలిపి పాతపేట వీధులన్నీ తిరుగుతాడు. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. కాటన్‌పేటలో హజరత్ తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి, మర్యాద పుచ్చుకుని ముందుకు సాగుతుంది. తెల్లవారేసరికి గుడికి చేరుతుంది.

తిగళలు చెప్పుకునే కథ ఇది. తిమిరాసురుడనే రాక్షసుణ్ణి చంపడానికి ద్రౌపది వీరకుమారులను పుట్టించింది. పని ముగిశాక ఆమె పాండవులతో వెళ్ళిపోతుంటే బిడ్డలు వెళ్ళవద్దని ఏడ్చారు. ఏటా మొదటి నెల పున్నమికి మూడు రోజులు మీ దగ్గర ఉంటానని మాట ఇచ్చి వెళ్ళింది. కరగ అంటే ఆ మూడు రోజుల తల్లి. సంపంగి చెరువు ఎండి స్టేడియంగా మారినా, ఆ ఆవరణలో ఒక చిన్న కుంట మిగిలి ఉంది. ఈ ఉత్సవంలో భాగమైన హసి కరగ పూజకు ఇప్పటికీ అక్కడికే వెళతారు. నగరం మరిచిన చెరువుల దారిని ఈ ఊరేగింపు ఎలా గుర్తుపెట్టుకుందో స్మృతి శ్రీనివాస్ అనే పరిశోధకురాలు 2001లో వచ్చిన తన పుస్తకంలో వివరంగా రాశారు. కొన్నిటిని వదలకూడదని పట్టుబట్టి నిలబెట్టినవాళ్ళుగా తిగళలంటే నాకు ఎంతో గౌరవం.

కార్తీకం వచ్చేసరికి బెంగళూరులో చలి మొదలవుతుంది. కార్తీకంలో చివరి సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనగకాయల జాతర. కోలారు, చింతామణి వైపు నుంచీ మన సీమ వైపు నుంచీ రైతులు కాయల బస్తాలు తెస్తారు. బేరాలు సగం తెలుగులోనే నడుస్తాయి. తొలి పంట బసవన్నకు, అంటే నందికి, పెట్టాకే అమ్మకం. కార్తీక పున్నమి ప్రాంతంలోనే థాయిలాండ్‌లో లాయ్ క్రతోంగ్ చేస్తారు. అరటి బోదెను గుండ్రంగా కోసి, పూలు, కొవ్వొత్తి పెట్టి నదిలో వదిలి, ఏడాదంతా నీళ్ళను వాడుకున్నందుకు, మురికి చేసినందుకు గంగమ్మ తల్లిని క్షమించమని అడుగుతారు. మరునాడు పొద్దున్నే బ్యాంకాక్ నగరపాలకులు ఆ తెప్పలను లక్షల కొద్దీ ఏరి తీస్తారు. అరటి బోదెతో చేసినవాటిని, ఫోముతో చేసినవాటిని విడివిడిగా పోగుచేస్తారు.

మన ఇంట్లో అరటి దొప్ప దీపాలు వదిలేది కార్తీక అమావాస్య మరునాడు. పోలి పాడ్యమి, పోలి స్వర్గం అంటారు. 2025లో నవంబరు 21న వచ్చింది. మన పండుగలన్నిటిలో నాకు అతి ప్రియమైనది ఇదే. నెలంతా తెల్లవారుజామున లేచి, చన్నీళ్ళు పోసుకుని, దీపం పెట్టినవాళ్ళు ఆ రోజు సూర్యోదయానికి ముందే దొప్పలో దీపాలు వెలిగించి నీళ్ళలో వదిలి, చేత్తో నీటిని మెల్లగా తోస్తారు. నెలంతా చేయలేనివాళ్ళు ఆ ఒక్కరోజు ముప్పై ఒత్తులు కలిపి వెలిగిస్తారు. గోదావరి, కృష్ణల ఒడ్డున రేవులు నిండిపోతాయి. బెంగళూరు ఇళ్ళలో వెడల్పాటి ఇత్తడి గంగాళమో, నీళ్ళ టబ్బో చాలు.

ఆ రోజు కథ చెప్పుకోవాలి. పోలి ఇంటికి చిన్న కోడలు. భక్తిలో తనను మించినవాళ్ళు లేరనుకునే అత్తగారు పెద్దకోడళ్ళను వెంటబెట్టుకుని రోజూ నదికి వెళ్ళేది. పోలిని ఇంట్లో వదిలి, దీపం పెట్టనివ్వకుండా నూనె, ఒత్తులు దాచేది. పోలి పెరట్లో చెట్టు కింద రాలిన పత్తితో ఒత్తి చేసి, కవ్వానికి అంటుకున్న వెన్న రాసి వెలిగించి, ఎవరికీ కనపడకుండా బుట్ట బోర్లించేది. నెల తిరిగేసరికి పోలి కోసం విమానం వచ్చింది. పైకి వెళుతున్న పోలి కాళ్ళు పట్టుకుని అత్తగారూ తోడికోడళ్ళూ వేలాడారు, పడిపోయారు.

మీ దేశంలో చేయాలనుకుంటే కొన్ని మాటలు. చెరువుల్లో, నదుల్లో దీపాలు వదలడానికి చాలాచోట్ల అనుమతి ఉండదు. అడక్కుండా వదలకండి. ఇంట్లో టబ్బు పెట్టుకోండి. అరటి బోదె దొరక్కపోతే సగానికి కోసి గుజ్జు తీసిన నారింజ డొప్పలు బాగా తేలతాయి. ఒత్తి నేతిలోనో నువ్వులనూనెలోనో తడపాలి. పొగ అలారం ఉన్న గదిలో వద్దు, బాల్కనీలోనో వాకిట్లోనో పెట్టండి, గాలి లేని మూల చూసుకోండి. చిన్నపిల్లలుంటే పెద్దవాళ్ళు ఒకరు దగ్గరుండాలి. దీపాలు కొండెక్కాక డొప్పలు, పూలు ఏరి మొక్కల మొదట్లో వేయండి. టబ్బులో నీళ్ళపై నూనె తేలుతుంది, దాన్ని కాగితంతో తీసేశాకే పారబోయండి.

నెల ముందు నుంచీ చేయవలసింది ఒకటుంది, అది లేకపోతే ఆ పొద్దున పనంతా వట్టి అలంకారమే. కార్తీక పాడ్యమి నాడు మనసులో ఒకటి ఎంచుకోండి. స్నేహితురాలితో పడ్డ తగాదా కావచ్చు, రాని ర్యాంకు కావచ్చు, వదిలి వచ్చిన ఊరు కావచ్చు. నెల రోజులు ప్రతి సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దాన్ని ఒకసారి తలుచుకోండి. తరమవద్దు, తీర్పు చెప్పవద్దు. పోలి పాడ్యమి దీపం దాని పేరున వదలండి. నెల తర్వాత అది మొదట ఎంచుకున్న రూపంలోనే ఉందా, మారిందా అని మీ ఇంట్లో పెద్దవాళ్ళతో చెప్పండి. వాళ్ళు ఆ ఏడు ఏం వదిలారో కూడా అడగండి. పోలి కథ వింటున్నంత సేపూ గుప్పిట్లో పట్టుకున్న అక్షింతలను చివర్లో ఒకరి తల మీద ఒకరు వేసుకుని, వేడిగా ఏదైనా తిని, బడికి వెళ్ళండి.